మూడు నిమిషాల సవతి

నా సవతి పేరు బంగారం. దానికి ఒళ్ళూ లేదు, మొహమూ లేదు. మూడు నిమిషాల చిల్లర ఉంటుంది, అంతే. మా ఆయన దాన్ని రోజుకెన్నిసార్లు వినేవాడో ఆయనకే తెలియదు. ఆ గొంతు నాదే. అందుకే ఎవరితో చెప్పుకున్నా నవ్వారు. పరాయిదాన్ని చూసి కుళ్ళుకుంటే లోకం కాస్తో కూస్తో అర్థం చేసుకుంటుంది. నీ గొంతంటే నీకు కుళ్ళేమిటే పిచ్చిదానా అని మా అక్క ఫోన్లో అడిగింది. ఎందుకో ఏమో గానీ కుళ్ళు మాత్రం నిండా ఉంది.

మాది రాక్ బ్యాండు. గిటార్లు వాయించే అన్నదమ్ములిద్దరు, డ్రమ్స్ వాయించే అబ్బాయి ఒకడు, పాడేదాన్ని నేను. మా ఆయన స్టేజీ ఎక్కడు. రికార్డింగు ఆయన పని. షోల్లో జనం వెనకాల మిక్సర్ బల్ల దగ్గర నిలబడి సౌండు చూసుకునేదీ ఆయనే. మా ఇంటి వెనక గదే ఆయన స్టూడియో. బయటి చప్పుడు లోపలికి రాకుండా గోడలకి పాత పరుపులూ దుప్పట్లూ మేకులు కొట్టి బిగించాడు. వాటిలో మంచి దుప్పట్లు మా అత్తయ్యవి. ఆవిడ ముందు గదిలో మిషను మీద కర్టెన్లు కుడుతుంది. వెనక గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా, "నా దుప్పట్లు హాయిగా పాటలు వింటున్నాయి, నేనేమో ముడుచుకుని పడుకుంటున్నాను" అని ఒక విసురు విసురుతుంది.

చలికాలంలో ఆ గదిలోనే ఒక పాట రికార్డు చేశాం. రాసింది నేనే. జలుబు తగ్గిన రోజు ఒక ముక్క, అత్తయ్య మిషను ఆపి కునుకు తీసినప్పుడు ఒక ముక్క, అలా పాడాను. ఒక్కో లైను ఎన్నిసార్లు పాడానో లెక్కే లేదు. ఏ రోజు ఏది పాడానో నాకే గుర్తు లేదు. ఆయన వాటిలో మంచివి ఏరి, అతికి, గరుకంతా తీసేసి ఒక్క గొంతుగా తయారు చేశాడు. కంప్యూటర్లో దాచుకోవాలంటే ఏదో ఒక పేరు పెట్టాలి కదా, 'బంగారం' అని పెట్టాడు. పెళ్ళయిన దగ్గర్నుంచి నన్ను ఒక్కనాడూ బంగారం అన్న పాపాన పోలేదు మహానుభావుడు.

ఎండలు ముదిరేసరికి ఎక్కడ చూసినా అదే పాట. బస్సుల్లో, బట్టల షాపుల్లో, పక్కింటి పిల్ల ఫోన్లో. షోల మీద షోలు వచ్చిపడ్డాయి. అప్పటిదాకా మా ఇంట్లో ముగ్గురం. ఆ ఎండాకాలంతో నాలుగో మనిషి వచ్చి కాపురం పెట్టింది.

మొదటి షో ఒక కాలేజీ మైదానంలో. పొద్దు వాలుతున్నా నేల ఇంకా సెగలు కక్కుతోంది. పాటలో ఒక చోటుంది. 'తలుపు తియ్యకున్నా వస్తా' అని, ఆ చివరి 'వస్తా'ని పై స్థాయిలో సాగదీయాలి. సాగదీసి సాగదీసి, అది ఆగకముందే 'తాళమేసుకో, గోడ దూకేస్తా' అని విరుచుకుపడాలి. రికార్డులో అలాగే ఉంటుంది. వినేవాళ్ళకి ఒళ్ళు జలదరించేది అక్కడే. ఆ మైదానంలో ఉన్నవాళ్ళంతా ఆ చోటు కోసమే వచ్చారు, ఫోన్లు పైకెత్తి పట్టుకుని కాచుకుని కూర్చున్నారు.

'వస్తా' అన్నాను. సాగదీశాను. రొమ్ములో గాలంతా అయిపోయింది. 'తాళ' అనబోతే గాలి కూడా రాలేదు, ఒట్టి కీచుమని వచ్చింది. చటుక్కున మైకు జనం వైపు తిప్పేశాను. వాళ్ళు సంబరంగా అందుకుని గోడ దూకేశారు. నేను నవ్వుతూ చెయ్యూపాను. ఆ నవ్వు నాకెంత కష్టమైందో నాకే తెలుసు.

దిగగానే డ్రమ్స్ అబ్బాయి మీద పడ్డాను. తాళం తప్పడని అందరం వాణ్ణి గడియారం అంటాం. ఎవరికీ ఏమీ కాడు గానీ వరసలు మాత్రం కలిపేసుకున్నాడు, నేను అక్కని, మా ఆయన బావ.

"ఎందుకురా అంత పరుగు? ఊపిరి తీసుకోనిచ్చావా నన్ను?"

"అక్కా, ఒట్టు! రికార్డులో ఎంత వేగమో అంతే వాయించాను. కావాలంటే బావనడుగు."

బావనడిగాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని ఆయన అనలేదు గానీ మొహంలో అదే ఉంది. వ్యాన్లో నా పక్కన కూర్చుని, "బాగానే పాడావు" అన్నాడు. ఆ 'బాగానే'లో దీర్ఘం చూశారూ, దాంతోనే నాకు ఒళ్ళు మండింది. ఆ వెనకే, "ఆ ఒక్క లైను దగ్గరే..." అంటూ ఫోను తీసి బంగారాన్ని పెట్టాడు. "ఇదుగో, ఇక్కడ చూడు. ఎలా వదలకుండా పట్టుకున్నావో. ఇలా పాడాలి."

నా గొంతు చేత నాకు పాఠం చెప్పించాడు. వెనక సీట్లో అన్నదమ్ములిద్దరూ తలలూపుతున్నారు.

ఆ తర్వాత ప్రతి షో అలాగే నడిచింది. ఒక చోట లైను మింగేశాను, ఒక చోట గిటారుకి వదిలేశాను, ఒక చోట దగ్గొచ్చినట్టు నటించాను. ఇంటికొచ్చి ఉప్పునీళ్ళు పుక్కిలించడం, పొద్దున్నే మేడ మీదికెళ్ళి 'వస్తా వస్తా' అని అరవడం. పక్కింటాయన తల బయటపెట్టి "ఎక్కడికమ్మా?" అని ఒకరోజు అడిగాడు. ఎంత అరిస్తే గొంతు అంత బొంగురుపోయింది. అది బొంగురుపోయేకొద్దీ మా ఆయన హెడ్‌ఫోన్లు తగిలించుకుని వెనక గదిలో ఆ నునుపు గొంతు దగ్గర కూర్చోవడం ఎక్కువైంది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనానికి పిలవడానికి వెళ్ళాను. కళ్ళు మూసుకుని ఉన్నాడు. పెదాల మీద చిరునవ్వు. ఆ నవ్వు నేనెరుగుదును, పెళ్ళికి ముందు నా కోసం బస్టాపులో నిలబడినప్పుడు ఉండేది.

"భోజనానికి రా."

కదల్లేదు.

"అన్నం చల్లారిపోతోంది."

ఊహూఁ. ముందు గదిలోంచి అత్తయ్య, "చెవిటివాడి ముందు శంఖం ఊదకు అమ్మాయ్, వచ్చి నువ్వు తినెయ్" అని కేకేసింది. నేను "ఏమండీ!" అని అరిచాను. మామూలుగా ఆయన్ని నువ్వు అనే అంటాను. 'ఏమండీ' వచ్చిందంటే పీకలదాకా కోపమొచ్చిందని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆయనకీ తెలుసు, వినబడితే. హెడ్‌ఫోన్ల తీగ పట్టుకుని ఒక్క లాగు లాగాను. తీగ ఊడి, పాట స్పీకర్లలోంచి ఇల్లంతా కమ్మేసింది. 'తలుపు తియ్యకున్నా వస్తా' అంటూ అది వచ్చేసింది మహాతల్లి.

"అయ్యో, మంచి చోట లాగేశావు" అన్నాడు.

"ఏముంది దాంట్లో? పొద్దున్నుంచీ ఏం వింటున్నావు?"

"విను, ఇక్కడ గొంతు ఎంత నిండుగా ఉందో. చిన్న జీర కూడా లేదు."

"నేను ఎదురుగానే ఉన్నాను కదా. పాడమంటావా?"

ఆయన నా మొహంలోకి చూశాడు. కోపం లేదు, వెటకారం లేదు. జాలిగా అన్నాడు. "ఇప్పుడెందుకు? నీ గొంతు అలిసిపోయుంది. పడుకోవే కాసేపు."

ఆ మాటకన్నా తిట్టినా బాగుండేది. నా గొంతు వినడానికి నా మొగుడికి నేను అడ్డం. వెళ్ళి అన్నం దగ్గర కూర్చున్నాను గానీ ముద్ద దిగలేదు.

అత్తయ్య నా పళ్ళెం వైపు చూసి, "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా?" అంది. ఓదారుస్తోందనుకున్నాను. కాదు. "అయినా నాకేం తక్కువ? ఇప్పుడు ఇద్దరు కోడళ్ళు. ఒకతి పాడుతుంది, ఒకతి అరుస్తుంది" అని మజ్జిగ పోసుకుంది.

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ రోజు నుంచి అది నాకు సవతే.

సవతి అంటే ఇంట్లో ఉంటే సర్దుకోవచ్చు. ఇది వీధిలోకి వచ్చి మరీ నా మీద పెత్తనం చేసేది. ఒక షోకి ముందు జుట్టు కత్తిరించుకోవడానికి పార్లర్‌కి వెళ్ళాను. నెత్తి తడిపి, మెడ చుట్టూ బట్ట కట్టి, కళ్ళ మీదికి జుట్టు దించేసింది అక్కడి అమ్మాయి. రేడియోలో అదే పాట. ఆ అమ్మాయి కత్తెర గాల్లో ఆపేసింది.

"ఒక్క నిమిషం మేడం, ఈ చోటు అయ్యాక కత్తిరిస్తా. చెయ్యి వణుకుతుంది నాకు." 'వస్తా' సాగింది, ఆగకుండానే 'తాళమేసుకో' వచ్చి పడింది. ఆ అమ్మాయి "అబ్బా!" అంది. "ఏం గొంతండీ బాబూ. గొంతా, తీగా?"

నాకు లోపల కాస్త చల్లబడింది. జుట్టు కింద నుంచే అడిగాను, "ఈవిడ షోకి ఎప్పుడైనా వెళ్ళావా?"

"మా తమ్ముడు వెళ్ళాడండి. స్టేజీ మీద తేలిపోయిందట. అసలు ఆ గొంతు ఈవిడదేనా అని అనుమానంగా ఉందన్నాడు. ఏ మిషన్లో పెట్టి తీశారో ఏమో." నా తల వంచి, "మీరు కూడా వింటారా ఈవిణ్ణి?" అని అడిగింది.

"వింటాను. తప్పదు" అన్నాను.

కత్తిరింపు అయ్యాక అద్దంలో నన్ను చూసి బాగుందా అని అడిగింది. చాలా బాగుందన్నాను. నన్ను గుర్తుపట్టనందుకు ఒక పక్క ప్రాణం లేచొచ్చింది, ఇంకో పక్క కడుపు మండిపోయింది. ఆ గొంతును తెలియనివాళ్ళు లేరు. ఆ గొంతున్న మనిషి తల తడుపుకుని కూర్చుంటే తువ్వాలిచ్చే దిక్కులేదు.

ఎండాకాలం చివర్లో పెద్ద స్టేడియంలో షో ఖాయమైంది. అంత పెద్దది మేమెప్పుడూ చేయలేదు. ఏర్పాటు చేసినాయన ఇంటికొచ్చి, కాఫీ తాగి, మాటల మధ్యలో మెల్లగా అసలు సంగతి బయటపెట్టాడు. "పాట మాత్రం రికార్డులో ఉన్నట్టే ఉండాలండీ. జనం ఆ లైను కోసం వస్తారు. మొన్నటి షోల గురించి కాస్త... విన్నాం."

మా ఆయన "మీకెందుకు, నేను చూసుకుంటాను" అన్నాడు. వచ్చినాయన వెళ్ళిపోయాక నాతో చెప్పాడు. ఎటు చూస్తూ చెప్పాడనుకున్నారు? గోడకున్న దుప్పటి వైపు. "ఆ పాటకి బంగారాన్ని కింద వేద్దాం. గడియారం పక్కన ఒక పెట్టె పెడతా. వాడు మీట నొక్కితే వాడి చెవిలో టిక్కు టిక్కుమని తాళం వస్తుంది, బయట నీ గొంతు వస్తుంది. నువ్వు దాని మీద పాడుకుంటూ పో."

"అంటే నేను పెదాలాడించాలా?"

"ఛ, అదేం లేదు. నువ్వూ పాడు. అది కింద సన్నగా ఉంటుంది. నీకు ఊతంగా."

"ఊతమా? అన్ని వేలమంది ముందు దాన్ని తెచ్చి నా పక్కన నిలబెడతావా?"

"దాన్ని ఏమిటే దాన్ని! అది నువ్వే కదా!"

"నేనే అయితే నన్ను వినేవాడివి కదా" అన్నాను.

ముందు గదిలో మిషను చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది.

షో దగ్గర పడింది. ఆయన కేబుళ్ళు కొనడానికి బజారుకెళ్ళిన పూట నేను వెనక గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. దాన్ని ఓడించి తీరాలని పంతం. హెడ్‌ఫోన్లు పెట్టుకుని దాంతో పాటు పాడాను. 'వస్తా' దగ్గర ఇద్దరం కలిసే ఎక్కాం. కలిసే సాగదీశాం. నా ఊపిరి అయిపోయింది, దానిది అవలేదు. మళ్ళీ వెనక్కి జరిపి పాడాను. మళ్ళీ అంతే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎప్పుడు పాడాను ఇంత గొప్పగా? ఏం తిన్నాను ఆ రోజు?

కంప్యూటరు తెర వైపు చూశాను, పాడిన ఒక్కో ముక్కా ఒక్కో పట్టీలా కనబడుతుంది అక్కడ. నాకు ఆ విద్య పెద్దగా రాదు గానీ, ఆయన పక్కన ఇన్నేళ్ళు కూర్చున్నాను, ఏ పట్టీని నొక్కితే ఏది మూగబోతుందో తెలుసు. ఆ చోట ఒక పట్టీ కాదు, రెండున్నాయి. ఒకదాని తోక కింద ఇంకోదాని తల దూరి ఉంది. కింది పట్టీని మూయించి పైది విన్నాను. 'వస్తా' సాగుతూ ఉంది. పైదాన్ని మూయించి కిందిది విన్నాను. 'తాళమేసుకో' మొదలైంది. రెండూ కలిపి విన్నాను. మొదటి మాట నోట్లో ఉండగానే రెండో మాట వస్తోంది. ఒక్క నోటితో రెండు మాటలు.

ఆయన కేబుళ్ళ చుట్టలు భుజాన వేసుకుని వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.

"ఇదేమిటి?" అని తెర మీద వేలు పెట్టి చూపించాను.

వంగి చూశాడు. "అతుకు. వేరే వేరే రోజులవి."

"మధ్యలో ఊపిరేది?"

"కోసేశా. అక్కడ ఊపిరి వినబడితే ఊపు పోతుందని..." మాట మధ్యలో ఆగిపోయాడు. కేబుళ్ళు భుజం మీదే ఉన్నాయి. దించుకోవడం మర్చిపోయి నిలబడ్డాడు.

"అయితే దీన్ని ఎవరూ పాడలేరు."

"పాడలేరు."

"మరి ఎండాకాలమంతా నాకు పాడటం రావట్లేదన్నావు."

"నిజంగా మర్చిపోయానే" అన్నాడు. "విని విని, నువ్వే ఒక్క గుక్కలో పాడేశావనుకున్నాను."

ముందు గదిలోంచి అత్తయ్య కత్తెర కనబడట్లేదు, ఎవరైనా చూశారా అని అడిగింది. ఆయన వెళ్ళి వెతికి ఇచ్చాడు.

నా గొంతులో లోపం లేదని తేలిందని నేను ఎగిరి గంతెయ్యాలి. వెయ్యలేదు. అంతకుముందు ఉన్న కుళ్ళు ఇప్పుడు రెండింతలైంది. నాతో పోటీకి దిగినదానికి ఊపిరే అక్కర్లేదు. అలుపు లేదు, జలుబు చెయ్యదు, గొంతు బొంగురుపోదు. కోసి కుట్టింది ఆయనే. ఆ సంగతే మర్చిపోయి, దాన్ని మనిషనుకుని, నన్ను దాంతో తూచింది కూడా ఆయనే. దూరపు కొండలు నునుపంటారు, ఈయన నున్నగా చెక్కిన కొండని ఇంట్లోనే పెట్టుకున్నాడు.

మర్నాడు అడిగాను. "ఇప్పుడు తెలిసింది కదా. ఇంక స్టేడియంలో దాన్ని వెయ్యవు కదా?"

బల్ల మీద దుమ్ము తుడుస్తూ, "మాటిచ్చేశాను వాళ్ళకి" అన్నాడు. "జనానికి ఊపిర్లూ అతుకులూ ఏం తెలుస్తాయి? వాళ్ళకి ఆ లైను అలా కావాలి. అక్కడ నువ్వు తేలిపోతే మళ్ళీ ఎవరు పిలుస్తారు? ఈ ఒక్కసారికి ఒప్పుకో. నీ మంచికే చెబుతున్నా."

"సరే" అన్నాను.

నా 'సరే' ఏమిటో మా ఆయనకి అప్పటికీ అర్థం కాలేదు. ముందు గదిలో అత్తయ్యకి అయింది. మిషను ఆపేసి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది.

స్టేడియంలో మా వంతు వచ్చేసరికి ఆకాశంలో ఇంకా కాస్త వెలుగుంది. కొందరు ఆ లైను అట్టల మీద రాసుకొచ్చి ఎత్తి చూపిస్తున్నారు. 'గోడ దూకేస్తా' అని చొక్కాల మీద కూడా ఉంది. అది దాని జనం, నా జనం కాదు. దాని కోసం వచ్చి నన్ను చూస్తున్నారు. మిగిలిన పాటలు బాగానే నడిచాయి. జనం ఓపిక పట్టారు, అంతే. దూరంగా, జనం అవతల, మిక్సర్ బల్ల మీద చిన్న దీపం వెలుగుతోంది. దాని వెనక మా ఆయన, చెవులకి హెడ్‌ఫోన్లు. గడియారం పక్కన స్టూలు మీద పెట్టె.

ఆఖరి పాట అదే. గడియారం ఒక చేత్తో పుల్లలెత్తి, రెండో చెయ్యి మీట మీదికి తీసుకెళ్ళాడు. వాడు నొక్కితే తాళం మొదలవుతుంది, తాళంతో పాటు అది మొదలవుతుంది. వాడు నొక్కకముందే నేను నోరు తెరిచాను.

డ్రమ్ము లేదు, గిటారు లేదు. పాటని దాని వేగంలో సగానికి దింపి, ఎదుటి మనిషితో మాట్లాడినట్టు మొదలుపెట్టాను. ఏ మాటనీ తాళానికి కట్టలేదు, ఇష్టమొచ్చిన చోట సాగదీశాను, ఇష్టమొచ్చిన చోట ఆగాను. రికార్డు ఒక్క నడకే నడుస్తుంది. ఇప్పుడు దాన్ని వేస్తే నాతో కలవదు, ఇద్దరం రెండు దారుల్లో పోతాం, ఆ సంగతి స్టేడియం అంతటికీ తెలిసిపోతుంది. వెనక్కి తిరిగి గడియారాన్ని చూశాను. వాడి వేలు మీట మీద ఉంది. అడ్డంగా తలూపాను. వాడు జనం అవతలి దీపం వైపు చూశాడు, నా వైపు చూశాడు. మెల్లగా చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

అన్నదమ్ములు కాస్త తడబడి, వెతుక్కుంటూ వచ్చి నా వెనక చేరారు. ఆ తర్వాత గడియారం కూడా వచ్చాడు, ఈసారి నా ఊపిరి చూసుకుంటూ వాయించాడు. 'తలుపు తియ్యకున్నా వస్తా' అన్నాను. ఉన్నంత ఊపిరీ పెట్టి సాగదీశాను. అయిపోయాక ఆపేశాను. మైకు దూరం జరపలేదు, పక్కకి తిరగలేదు. అలాగే ఊపిరి పీల్చాను. అంత పెద్ద స్పీకర్లలో అది గుడ్డ చింపినట్టు వినబడింది. అప్పుడు 'తాళమేసుకో' అన్నాను. 'గోడ' దగ్గర గొంతు జీరపోయింది. పోనీలే అనుకున్నాను.

ముందు వరసలో ఒకడు "రికార్డులో ఇలా లేదేంటి?" అని పక్కవాడితో అన్నాడు. నాకు వినబడింది. కొందరు ఈల వేశారు, అది మెచ్చుకోలో వెక్కిరింతో తెలియలేదు. కొందరు అట్టలు దించేశారు. కొందరు మాత్రం నా వెంట పాడారు, నేను ఊపిరి తీసుకున్న చోట వాళ్ళూ ఆగారు. నేను వాళ్ళనెవరినీ చూడలేదు. ఆ దీపం వైపు చూస్తున్నాను. మా ఆయన రెండు చేతులూ బల్ల మీంచి తీసేశాడు. హెడ్‌ఫోన్లు మెడలోకి దిగి ఉన్నాయి.

దిగాక, ఏర్పాటు చేసినాయన మాతో మాట్లాడలేదు. మా ఆయన కేబుళ్ళు చుట్టుకుంటూ, తలెత్తకుండా, "ఏమైంది?" అని గడియారాన్ని అడిగాడు.

"పెట్టె మొరాయించింది బావా."

"మొరాయించిందా?"

"ఎంత నొక్కినా పలకలేదు. అక్కే కాపాడింది."

ఆయన వాడి మొహం చూశాడు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. వ్యాన్లో నాకు మంచినీళ్ళ సీసా ఇచ్చాడు. ఫోను జేబులోంచి తీయలేదు.

మర్నాడు ఆలస్యంగా లేచాను. ముందు గదిలో అత్తయ్య కర్టెన్లకి కొక్కేలు కుడుతూ, "మళ్ళీ మొదలెట్టాడు మీ ఆయన. పొద్దున్నుంచి తలుపేసుకుని కూర్చున్నాడు" అంది. నా నిద్ర ఎగిరిపోయింది. ఇంత జరిగాక కూడానా అని, మొహమైనా కడుక్కోకుండా వెళ్ళి తలుపు తోశాను.

హెడ్‌ఫోన్లు చెవులకే ఉన్నాయి. కళ్ళు మూసుకునే ఉన్నాడు. అదే నవ్వు. అయితే తెర మీద ఉన్నది బంగారం కాదు. నిన్నటి షో. బల్ల దగ్గర రికార్డు చేసుకున్నాడన్న మాట. నన్ను చూసి చెయ్యి పట్టుకుని లాగి పక్కన కూర్చోబెట్టాడు.

"నిన్న నువ్వు ఊపిరి తీసుకున్నావు చూడు, నా చేతులు చల్లబడిపోయాయే. విను, ఇదుగో." తెర మీద చిన్న ముక్క ఒకటి కత్తిరించి పెట్టుకున్నాడు. "దీన్ని తీసుకెళ్ళి బంగారంలో పెడుతున్నా. నేను కోసేసిన చోట. తప్పు నాదే కదా, సరిదిద్దేద్దామని. కాస్త జరిపితే చక్కగా పట్టేస్తుంది."

ప్రేమగానే అన్నాడు. మొహమంతా వెలిగిపోతోంది. ఇంకొకత్తె అయితే కరిగిపోయేదేమో. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమండీ" అన్నాను.

వెంటనే హెడ్‌ఫోన్లు తీసేశాడు.

"నా ఊపిరి తీసుకెళ్ళి దానికి పెడతారా? ఎవర్నడిగి పెడతారు? గొంతిచ్చాను, పాటిచ్చాను, మొగుణ్ణి ఇచ్చాను. ఇది ఇవ్వను. చస్తే ఇవ్వను."

"పోనీ వద్దులే. దాన్ని ముట్టుకోను. నిన్నటిదే వింటాలే."

"నిన్నటిదీ వద్దు."

"నిన్న పాడింది నువ్వే కదే!" అన్నాడు బిక్కమొహం వేసుకుని. "ఇదీ వద్దు, అదీ వద్దు. మరి నన్నేం వినమంటావు?"

"నేనున్నాను కదా" అన్నాను. నిద్రమొహంతో, బొంగురు గొంతుతో అన్నాను.

ఆయన తెర ఆపేసి, కుర్చీ ఇటు తిప్పుకున్నాడు.